నాన్న నీళ్లడిగితే

నాన్న చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగితే బండి మంచిదని అర్థం. సంచిలోంచి తన గుడ్డ తీసి తుడుచుకుంటే, ఇక్కడ మనకు పని లేదు, పదండి అని. కొనేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి వెంట వెళ్లేవాడు. అమ్మేవాడి ఎదుట బండి గురించి మంచీ చెడూ ఒక్క ముక్క అనేవాడు కాదు. "మెచ్చుకుంటే ధర పెంచుతాడు, వంక పెడితే పోట్లాటకొస్తాడు. మనకెందుకొచ్చిన గొడవ?" అనేవాడు. ఎంతకు కొనాలో మాత్రం గేటు దాటి నాలుగడుగులు వేశాక చెప్పేవాడు.

పాత బండ్లు చూసిపెట్టడం నాన్న పని. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి మానేశాక ఇదే బతుకుతెరువైంది. కొన్నా మానినా కూలి ఒకటే. అమ్మేవాడి దగ్గర టీ కూడా ముట్టడు. కర్ర పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది ఆయన దగ్గర. దాని మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. అందుకని ఊరందరికీ ఆయన డాక్టరు. నేను డిగ్రీ పాసైన రోజున అన్నయ్య, "మనింట్లో డాక్టరుకు చదువు లేదు, చదువుకున్నదానికి ఉద్యోగం లేదు" అన్నాడు. అందరికంటే గట్టిగా నాన్నే నవ్వాడు.

బళ్లోకి వెళ్లే వయసులో సెలవు వస్తే నేనూ ఆయన వెంట పోయేదాన్ని. పిడి నా చెవికి పెట్టి వినమనేవాడు. "పైన టిక్కుటిక్కుమంటే పంటి నొప్పి. సరిచేసుకోవచ్చు. అడుగున టక్కుటక్కుమంటే గుండె నొప్పి. దాని జోలికి పోకూడదు." అన్నయ్యకు ఇంత ఓపిక ఎప్పుడూ లేదు. వాడికి బండి కదిలితే చాలు.

ఆ ఏడు వానాకాలం మొదట్లోనే కొండ దారి కొట్టుకుపోయింది. పెద్ద మలుపు దగ్గర సగం రోడ్డు లోయలోకి జారింది. మిగిలిన సందులో వ్యాను పట్టదు, మోటారు సైకిలు బురదలో నిలవదు. క్వాడ్ బైకులే పోగలిగాయి. లావుపాటి నాలుగు చక్రాలు, మధ్యలో మోటారు సైకిలుకు ఉన్నట్టు సీటూ హ్యాండిలూ, ముందూ వెనకా సామాను కట్టుకునే ఇనుప చట్రాలు. అంతకు ముందు కొండ కింది రిసార్టుకు వచ్చినవాళ్లు వాటి మీద కేకలు పెడుతూ సరదాగా తిరిగేవాళ్లు. ఇప్పుడు పైన ఉన్నవాళ్లకు మందులూ పిండి బస్తాలూ గ్యాసు బండలూ అవే మొయ్యాలి. ఆ వానలకు రిసార్టు మూతపడి, ఉన్న బండ్లన్నీ ఒక్కొక్కటే అమ్మకానికి పెట్టింది. పొద్దున లేస్తే నాన్న కోసం గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు.

అన్నయ్యకు కొండ మీదికి సరుకు తోలే వ్యాను ఉండేది. దారి పోయాక దాన్ని కింద పట్నంలో అయినకాడికి అమ్మేశాడు. ఆ డబ్బుకు నాన్న దాచుకున్నది కలిపితే ఒక క్వాడ్ బైక్ వస్తుంది. అది కుదరకపోతే సొరంగం పనికి పోతానన్నాడు. ఎక్కడో దూరాన కొండకు సొరంగం తవ్వుతున్నారు. కాంట్రాక్టరు లారీ నెలాఖరున మనుషుల్ని ఎక్కించుకుని పోతుంది. అమ్మకు ఆ మాట వింటేనే ప్రాణం మీదికొచ్చేది. మా మేనమామ అలాంటి పనికే పోయి, ఛాతీ నిండా రాతి పొడి నింపుకుని తిరిగొచ్చాడు. రెండు మెట్లు ఎక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడతాడు.

"నువ్వు నోరు మూసుకుని మీ నాన్న చూపించిన బండి కొనుక్కో. సొరంగం ఊసెత్తితే కాళ్లు విరగ్గొడతా" అంది అమ్మ, భోజనాల దగ్గర.

"విరగ్గొట్టించుకోవడానికి అంత దూరం ఎందుకులే అని బండి కొంటున్నా" అన్నాడు అన్నయ్య.

అమ్మ నాన్న వైపు తిరిగి, "ఇంకొంచెం పప్పు వెయ్యనా?" అని అడిగింది.

"రేపు పొద్దున్నే" అన్నాడు నాన్న.

నేనూ అన్నయ్యా పొలమారేలా నవ్వాం. నాన్న కూడా మాతో పాటు నవ్వాడు. అమ్మ మాత్రం గరిటె పట్టుకుని అలాగే కూర్చుంది. బయట వాన రేకుల కప్పు మీద గోల గోలగా పడుతోంది. ఆ చప్పుడుకు వినపడలేదులే అనుకున్నాను.

మర్నాడు ముగ్గురం రిసార్టుకు వెళ్లాం. ఖాళీ ఈత కొలనులో ఆకులు కుళ్లుతున్నాయి. వెనక షెడ్డులో బండ్లు వరసగా ఉన్నాయి. మేనేజరు గొడుగు మడుస్తూ ఎదురొచ్చాడు. మనిషి మంచి మాటకారి.

"రండి డాక్టరుగారూ. మీరొస్తున్నారంటే మా బండ్లకు నిన్నటి నుంచి బీపీ పెరిగిపోయింది."

నాన్న చిరునవ్వు నవ్వి, అన్నయ్య చూసుకున్న ఎర్ర బండి దగ్గరికి పోయాడు. మొదట అరచెయ్యి ఇంజన్ మీద పెట్టాడు. అది ఆయన మొదటి నియమం. కొనేవాళ్లు వచ్చేలోపు ముందే నడిపి వేడెక్కించి ఉంచితే, చల్లగా ఉన్నప్పుడు మొరాయించే బండి కూడా బుద్ధిమంతురాలిలా స్టార్టవుతుంది. ఇంజన్ చల్లగానే ఉంది. ఆ తర్వాత ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కుడి ముందు చక్రం కొద్దిగా ఆడింది. ఆయిల్ పుల్ల తీసి, వేలికి రాసుకుని, వెలుతురులో చూశాడు. నీళ్లు కలిస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగుకు తిరుగుతుంది. ఇది నల్లగానే ఉంది. సీటు ఎత్తి గాలి పెట్టె మూత విప్పాడు. బండిని వాగులో ముంచి ఉంటే అక్కడ బురద గీత ఉంటుంది. అదీ లేదు. నేల మీద గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, టార్చి వేసి చట్రం అంతా వెతికాడు. వెనక చట్రం అతుకు మీద కొత్త రంగు వేసి ఉంది. దాన్ని గోటితో గీకి చూశాడు, కింద పగులేమీ లేదు.

"మొత్తం ఒళ్లంతా పరీక్ష చేస్తున్నారే, పెళ్లిచూపులకైనా ఇంత చూడరు" అన్నాడు మేనేజరు.

"పెళ్లయితే ఇద్దరిదీ తప్పనొచ్చు. బండయితే కొన్నవాడిదే కదండీ" అన్నాడు అన్నయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాన్న లేచి మట్టి దులుపుకుని, స్టార్ట్ చెయ్యమని సైగ చేశాడు. అన్నయ్య బటన్ నొక్కాడు. ఒక్క నొక్కుకే అందుకుంది. వాడి మొహం వెలిగిపోయింది.

ఆ చప్పుడు నాకు వెంటనే తెలిసింది. అడుగు నుంచి వస్తోంది, ఎవరో లోపల పిడికిలితో తలుపు కొడుతున్నట్టు. వేగం పెంచినప్పుడు హోరులో కలిసిపోతోంది. వదలగానే పైకి తేలుతోంది. టక్కు, టక్కు, టక్కు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్డు వదులైతే వచ్చే చప్పుడది. ఆ రాడ్డు ఎక్కడో ఒక చోట విరుగుతుంది. విరిగితే నడుస్తున్న ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుపోయి చక్రాల్ని పట్టేస్తుంది. చదును నేల మీదయితే పడి లేవచ్చు. మాది ఒక పక్క లోయ ఉన్న దారి.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నాన్న స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎప్పుడూ వినేటప్పుడు ఆయన నుదుటి మీద ఒక గీత పడేది. ఆ రోజు పడలేదు. ప్రశాంతంగా ఉన్నాడు. స్క్రూడ్రైవర్ మొన పక్కకు జరిపి, మళ్లీ విని, తల ఊపి, లేచాడు.

"కాసిని నీళ్లుంటే ఇప్పిస్తారా? చేతులు కడుక్కుంటాను."

అన్నయ్య నా వైపు తిరిగి కన్ను గీటాడు. మేనేజరు వాచ్‌మన్‌ను కేకేశాడు. వాచ్‌మన్ మగ్గుతో నీళ్లు పట్టుకొచ్చి, నాన్న చేతుల మీద వంచబోయాడు.

నేను సంచిలోంచి గుడ్డ తీసి నాన్న చేతిలో పెట్టాను.

ఆయన ఆ గుడ్డ వైపు చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. మగ్గు గాలిలో ఆగిపోయింది. ఇంజన్ ఇంకా కొట్టుకుంటూనే ఉంది. నాన్న మెల్లిగా ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, "మళ్లీ కబురు చేస్తాం" అని మేనేజరుకు నమస్కారం పెట్టి బయల్దేరాడు.

గేటు దాటగానే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏమిటే నీ పెత్తనం? ఆయన నీళ్లడిగాడు."

"గుడ్డ నేనే అడిగాను" అన్నాడు నాన్న వెనక్కి తిరిగి. వాడి మాట వినలేదు, వాడి మొహం చూసి చెప్పాడు.

"నీళ్లడిగావు నాన్నా. మేనేజరు విన్నాడు, వాచ్‌మన్ విన్నాడు, నేనూ విన్నాను" అన్నాడు అన్నయ్య.

"బండి బాగోలేదు. వదిలెయ్."

"ఏం బాగోలేదో చెప్పు మరి. ధరెంతో చెప్పు. ఎప్పుడూ గేటు దాటాక చెప్తావు కదా?"

నాన్న గొడుగు విప్పాడు. అన్నయ్య నా చెయ్యి వదిలేసి, వానలో ముందుకు నడిచి వెళ్లిపోయాడు. వాడు కనపడకుండా పోయేదాకా నాన్న రోడ్డు పక్కనే నిలబడ్డాడు. తర్వాత గొడుగు నా మీదికి వంచి అడిగాడు.

"ఎంత గట్టిగా ఉంది?"

"షెడ్డు బయటికి వినపడేంత."

ఆయన కాసేపు తన చెప్పుల వైపు చూసుకుంటూ నడిచాడు. "ఇంజన్ అదురు చేతికి తెలుస్తుంది. పొగ కంటికి తెలుస్తుంది. మిగతాది సర్దుకోవచ్చనుకున్నాను" అన్నాడు. "మీ అమ్మకు తెలుసు."

"ఎప్పటి నుంచి నాన్నా?"

నేను పక్క నుంచి అడిగాను. ఆయనకు అందలేదు. మళ్లీ అడగలేకపోయాను. కొంత దూరం పోయాక ఆయనే ఆగాడు.

"నర్సమ్మ బండి" అన్నాడు.

ఆరోగ్య కేంద్రంలో నర్సు ఆమె. పైన ఊళ్లకు సూదులూ మందులూ తీసుకుపోయేది, కాన్పులు చూసేది ఆమె ఒక్కతే. దారి పోయిన వారానికే నాన్నను వెంటబెట్టుకుని వెళ్లి రిసార్టు బండి ఒకటి కొనుక్కుంది. నాన్న నీళ్లడిగాడు. ఆ రోజు నేను వెంట లేను. అదొక్కటే కాదు, ఆ వానాకాలం కొండ దారిన తిరిగే ఇంకో రెండు బండ్లకు కూడా నీళ్లడిగాడు. ఆ మధ్యాహ్నమే మేమిద్దరం బయల్దేరాం. మొదటి రెండు ఇళ్లలో, కొన్నాక ఓసారి చూసిపోవడం మామూలే అన్నట్టు నాన్న మాట్లాడాడు. వాళ్లు మర్యాదగా స్టార్ట్ చేసి చూపించారు. నేను పిడి చెవికి పెట్టుకుని విన్నాను. ఆ రెండింటిలో పంటి నొప్పులే. బయటికొచ్చి నేను తల ఊపిన ప్రతిసారీ నాన్న ఊపిరి వదలడం నాకు వినపడింది.

నర్సమ్మ మెట్ల మీద కూర్చుని బూట్ల బురద పుల్లతో గీకుతోంది. పసుపు బండి ముంగిట్లో ఉంది. వెనక మందుల పెట్టె తాళ్లతో కట్టి ఉంది.

"డాక్టరుగారే నర్సు దగ్గరికి వచ్చారు! ఏం జబ్బు చేసింది?"

"మీ బండి ఒకసారి చూద్దామని నర్సమ్మగారూ."

"చూడండి, చూడండి. బంగారంలా నడుస్తోంది. ఈ వేళ పొద్దున కూడా పైకి వెళ్లొచ్చాను. మళ్లీ ఇప్పుడు బయల్దేరుతున్నా, పైన ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయట." ఆమె గట్టిగా మాట్లాడే మనిషి. నాన్నకు ఆమె మాటలు అందుతున్నట్టే ఉన్నాయి.

ఆమే స్టార్ట్ చేసింది. పిడి చెవి దాకా తీసుకెళ్లే పని లేకపోయింది. అయినా పెట్టి విన్నాను. నాన్న ఇంజన్ వైపు చూడటం లేదు. నా మొహమే చూస్తున్నాడు. ఆయన్ను అలా, తీర్పు కోసం నిలబడ్డ మనిషిలా చూడటం నాకు చేతకాలేదు. తల దించుకున్నాను. దానితో ఆయనకు తెలిసిపోయింది.

నాన్న చెయ్యి చాచి బండి తాళం తిప్పి ఆపేశాడు. జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు.

నర్సమ్మ చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. "డాక్టరుగారూ, ఆ రోజు నీళ్లడిగారు కదా?"

"అడిగానమ్మా."

"మరి?"

"ఆ రోజు నాకు వినపడలేదు."

ఆమె నర్సు కదా, ఆయన చెవుల వైపు చూసింది, తర్వాత ఆయన కళ్లలోకి. బండి వైపు మాత్రం చివర్న చూసింది. "పొద్దున పెద్ద మలుపు దగ్గర ఒక్క క్షణం పట్టేసినట్టయింది. బురదనుకున్నాను" అంది మెల్లిగా. అంత మెల్లిగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాన్నకు ఆ మాట అందలేదు. నేను ఆయన వైపు తిరిగి, పెదవులు కనపడేలా, అదే మాట చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. ఆయన సీటు అంచు పట్టుకున్నాడు.

"మీరెంత పెట్టి కొన్నారో అంతకే నాకివ్వండి" అన్నాడు.

"ఇది ఆ ధర చెయ్యదని మీరే అంటున్నారు కదా?"

"చెయ్యదు. ఆ ధర నేను చెప్పాను."

ఆమె మందుల పెట్టె తాళ్లు విప్పి, సంచి భుజానికి తగిలించుకుని, గొడుగు తీసుకుని నడిచి బయల్దేరింది. పైన ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. నాన్నా నేనూ ఆ బండిని తోసుకుంటూ ఇంటికి తెచ్చాం.

నాన్న దాచిందంతా అక్కడికి సరిపోయింది. ఆ సాయంత్రం అన్నయ్య పెరట్లో పసుపు బండిని చూసి, దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఇదెవరిది?"

"మనదే" అన్నాడు నాన్న. "రాడ్డు పోయింది."

"పోయిన బండిని కొన్నావా? నా బండికి కలుపుతానన్న డబ్బుతో?"

"నేను బాగుందంటే ఆమె కొంది. నాకు వినపడటం లేదురా."

అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. అన్నయ్య, "ఎప్పటి నుంచి?" అన్నాడు. చిన్న గొంతుతో అన్నాడు. నాన్న వాడి వైపు చూస్తూనే ఉన్నాడు.

"పోయిన వానాకాలం నుంచి" అంది అమ్మ. "నిద్రలో వాన మొదలైతే లేచి, పెరట్లో ఉన్న సామానంతా లోపల పెట్టేవాడు. పోయిన ఏడు లేవడం మానేశాడు. పొద్దున లేచి తడిసిన సామాను చూసుకుని, వాన ఎప్పుడు పడింది అని నన్నే అడిగాడు."

"మరి చెప్పొచ్చు కదా అమ్మా?"

"ఏమని చెప్పను? మీ నాన్నకు పని రాదని చెప్పనా?"

అన్నయ్య ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. పొద్దున లేచి చూస్తే, వ్యాను అమ్మిన డబ్బులోంచి కొంత తీసి నాన్న పనిముట్ల పెట్టె మీద పెట్టి, పైన ఒక బోల్టు బరువు పెట్టి ఉంది. సామాన్లకు డబ్బిచ్చాడు గానీ మాట ఇవ్వలేదు. లారీ వచ్చేలోపు బండి బాగైతే ఉంటాడు, లేకపోతే పోతాడు. ఎవరూ నోటితో అనలేదు, కానీ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ మిగిలిన రోజులు వాన విడవలేదు. పెరట్లో రేకుల కింద నాన్న ఇంజన్ దించి విప్పాడు. పట్నం నుంచి కొత్త రాడ్డు, బేరింగులు వచ్చాయి. ఒక్కో ముక్కా కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, వేలి కొసతో తడిమి చూసేవాడు. గుమ్మంలోకి వచ్చినవాళ్లకు, బండి చూడటం మానేశానని ఆయనే చెప్పేవాడు. "కూలి పెంచమంటున్నావా డాక్టరూ? అడిగి తీసుకో, మొహమాటమెందుకు?" అని ఒకాయన అరిచాడు. నాన్న నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆ వచ్చినాయన విసుక్కుంటూ పోయాడు. రోజూ పొద్దున్నే నర్సమ్మ సంచి భుజాన వేసుకుని మా ఇంటి ముందు నుంచి కొండ ఎక్కేది. నాన్న ఆ వేళకు పెరట్లోంచి బయటికి వచ్చేవాడు కాదు.

నాకు ఇంటర్వ్యూ పిలుపు అప్పుడే వచ్చింది. అమ్మకు చెప్పాను. నాన్నకు చెప్పాలంటే ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పాలి. ఆ ముక్క గట్టిగా చెప్పడానికి నోరు రాలేదు.

లారీ రావడానికి ముందు రోజు సాయంత్రం ఇంజన్ ఎక్కించడం పూర్తయింది. వాన కాస్త తెరిపి ఇచ్చింది. అమ్మ మగ్గు నిండా నీళ్లు తెచ్చి నా పక్కన గట్టు మీద పెట్టింది. ఎవరూ తెమ్మనలేదు. పెట్టి నా వైపు ఒక్క చూపు చూసి, పక్కకు పోయి నిలబడింది. గుడ్డ నాన్న భుజం మీది నుంచి జారి నా కాళ్ల దగ్గర పడి ఉంది. అన్నయ్య స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

"వినమ్మా" అని నాన్న స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు.

అన్నయ్య బటన్ నొక్కాడు. ఇంజన్ అందుకుంది. ఆ మొద్దు చప్పుడు లేదు. మెత్తగా, సాఫీగా తిరుగుతోంది. అన్నయ్య పెదవి కొస కదిలింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకేం తేడా కనపడటం లేదు. బానే ఉంది కదే?" అన్నాడు అన్నయ్య. వాడి గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు.

పిడి చెవికి పెట్టుకున్నాను. వేగం పెంచమన్నాను. వదలమన్నాను. మళ్లీ పెంచి, వదలమన్నాను. అప్పుడు వినపడింది. ఎంతో సన్నగా, లోపలెక్కడో, ఉందా లేదా అన్నట్టు. టక్కు. ఆగి, టక్కు. పిడి తీసేస్తే లేదు. పెడితే ఉంది.

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. మగ్గు నా మోచేతికి తగులుతోంది. దాన్ని అందుకుని నాన్న చేతుల మీద వంచితే చాలు, అన్నయ్య రేపు లారీ ఎక్కడు. అమ్మ నిద్రపోతుంది. నాన్న తల ఎత్తుకుని వీధిలోకి వెళ్తాడు. ఆ చప్పుడు ఒక నెల తర్వాత పెరుగుతుందో, అసలు పెరగదో. అది నాకు ఒక్కదానికే వినపడుతోంది.

వంగి గుడ్డ తీశాను. దుమ్ము దులిపి నాన్న చేతిలో పెట్టాను.

అన్నయ్య ఇంజన్ ఆపేశాడు. లోపలికి వెళ్లి సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ మగ్గులో నీళ్లు మందార మొక్క మొదట్లో పోసి, వాడి వెనకే వెళ్లింది.

"ఎంత గట్టిగా ఉంది?" అన్నాడు నాన్న.

"చాలా సన్నగా నాన్నా. వాన వెలిశాక చూరు నుంచి చివరి చుక్క పడుతుందే, అట్లా."

నాన్న చూరు వైపు చూశాడు. ఆ చప్పుడు ఎట్లా ఉండేదో గుర్తు చేసుకుంటున్నాడనిపించింది. "క్రాంకు సరిగ్గా కూర్చోలేదు" అని స్పానర్ అందుకున్నాడు.

తెల్లారి లారీ హారను కొట్టేసరికి ఆయన అప్పటికే ఇంజన్ మీదికి వంగి బోల్టులు విప్పుతున్నాడు. అన్నయ్య సంచి తగిలించుకుని పెరట్లోకి వచ్చాడు. "వెళ్తున్నా నాన్నా" అన్నాడు, వెనక నుంచి. నాన్న విప్పుతూనే ఉన్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోతే అన్నయ్య వద్దని సైగ చేశాడు. బండి చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, బురదలో గొంతుక్కూర్చున్నాడు. తన మొహం నాన్న మొహానికి ఎదురుగా వచ్చాక, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. నాన్న తల ఊపాడు. నూనె చేత్తోనే వాడి చెంప తాకాడు. అన్నయ్య ఆ మరక తుడుచుకోకుండానే లారీ ఎక్కాడు.

లారీ పెద్ద రోడ్డెక్కి కనుమరుగయ్యాక నాన్న అడిగాడు. "ఏమన్నాడమ్మా?"

ఆయనకు అందిందనుకున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పాను. "వానలు తగ్గాక వస్తాడట. అప్పటికి ఆ చప్పుడు పోవాలన్నాడు."

"పోయిందో లేదో నాకెట్లా తెలుస్తుంది?"

ఇన్ని రోజులుగా చెప్పకుండా దాచుకున్నది అప్పుడు చెప్పాను. ఇంటర్వ్యూ ఉందని, అది కుదిరితే నేనూ పట్నం పోవాల్సి ఉంటుందని. గట్టిగా, పెదవులు కనపడేలా చెప్పాను. పక్కింటివాళ్లకు కూడా వినపడి ఉంటుంది.

నాన్న నా మాటలన్నీ పూర్తయ్యేదాకా చూశాడు. స్పానర్‌ను గుడ్డతో ఒకసారి తుడిచాడు.

"అయితే నువ్విక్కడ ఉండగానే తేల్చాలి" అని మళ్లీ ఇంజన్ మీదికి వంగాడు.